రాజుగారి వీపు

రాజుకు వీపు ఉండదు. డ్రెస్సుల పనిలో నేను మొట్టమొదట నేర్చుకున్న మాట ఇదే. నేర్పింది మా ఆయన.

గద్వాలలో మాది దర్జీ దుకాణం. ముందు గదిలో జాకెట్లు, పైజామాలు కుట్టే మిషన్లు. వెనక గదిలో ట్రంకు పెట్టెలు, వాటి నిండా నాటకాల డ్రెస్సులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఎక్కడ నాటకం పడ్డా మా పెట్టెలే కిరాయికి పోయేవి. రాయచూరు వైపు నుంచి కూడా వచ్చేవారు. వాళ్ళది సగం కన్నడం, సగం తెలుగు, మాది ఇంట్లో ఉర్దూ. అయినా కిరీటం ఎంత ఎత్తు ఉండాలో, మీసం ఎంత లావు ఉండాలో చేతులతో చూపిస్తే సరిపోయేది.

కిరాయి డ్రెస్సుకు ఒక చిక్కుంది. ఒక్కో ఊరి రాజు ఒక్కో తీరుగా ఉంటాడు. ఒకాయన ఎండిన కందికట్టె, ఇంకొకాయన పల్లికాయ బస్తా. అందరికీ ఒకటే డ్రెస్సు. అందుకని ముందువైపు మాత్రమే మఖమల్ గుడ్డ, జరీ, తళుకులు ఉంటాయి. వెనకవైపు ఏమీ ఉండదు. రెండు అంచులకు నాడాలు, నడుమ వేషగాడి బనీను. సన్నటాయనకు నాడాలు బిగిస్తాం, లావుపాటాయనకు వదులుతాం, అప్పటికీ చాలకపోతే పిన్నీసులు పెడతాం. ఆ సంసారమంతా కనబడకుండా భుజాల మీదినుంచి ఒక పల్చటి గుడ్డ వేలాడదీస్తాం. అది ఉన్నా సరే, రాజు జనానికి వీపు చూపడు. ఎదురుగా వస్తాడు, పోయేటప్పుడు వెనక్కి అడుగులు వేసుకుంటూ పోతాడు. కొత్తవాడెవడైనా మరిచి తిరిగితే హార్మోనియం పంతులు కీచుమనే మెట్టు ఒకటి నొక్కి గుర్తుచేసేవాడు.

మా ఆయన పోయినాక పెట్టెలు నా మీద పడ్డాయి. చాలా ఏళ్ళు వాటి వెంట ఊళ్ళు తిరిగాను. అక్షరాలు మాత్రం ముసలితనంలో వచ్చాయి, మహిళా సంఘంలో చదువు చెప్పిన అమ్మాయి పుణ్యాన. ఇప్పుడు కళ్ళు సూదిబెజ్జం పట్టడం లేదు. పెట్టెలు అమ్మేసి వనపర్తిలో బిడ్డ దగ్గర ఉంటున్నాను. ఆ వీధిలోనే కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలు కొందరు, సినిమాల్లో డ్రెస్సుల పనికి పోతామంటారు. "అమ్మీ, నువ్వు సినిమాకు చేసినవట కద, జర చెప్పరాదు" అని వెంటపడతారు. నోటితో చెబితే నేను అక్కరలేని చోట ఆగి, కావలసిన చోట పరుగెత్తుతాను. అందుకని రాస్తున్నాను. చేసింది ఒకటే సినిమా. చెప్పేది కూడా ఒక మనిషి సంగతే.

ఆయనది వీపనగండ్ల దిక్కు ఒక ఊరు. కొంత మెట్ట చేను ఉండేది, మిగతా బతుకంతా రాజు వేషం. మా పెట్టెలోని రాజు డ్రెస్సును ఎందరో వేసుకున్నారు గానీ, ఆయన వేసుకున్నప్పుడు మాత్రం అది కిరాయిది అనిపించేది కాదు. అందరూ ఆయన్ని "రాజుగారూ" అనే పిలిచేవారు, టీ కొట్టు దగ్గర కూడా. నేను తమ్మీ అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవాడు. వయసులో ఉండగా సినిమాల కోసం హైదరాబాద్ పోయి, తిరిగి తిరిగి, ఒక పెళ్ళి సీన్లో వెనక వరుసలో నిలబడి వచ్చాడు. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా ఊళ్ళో పిల్లలు "అగో రాజుగారి చెయ్యి" అని చూపించేవారు. చెయ్యి ఒక్కటే పడింది.

మా నాటకాల్లో ఒక పద్ధతి ఉంది, ఇది ముందే చెప్పాలి. హాస్యగాడి వేషం కట్టినవాడికి మళ్ళీ రాజు వేషం ఇవ్వరు. ఎవరూ రాసిపెట్టింది కాదు, అనుభవం మీద వచ్చింది. ఒకసారి గద్వాల దగ్గరి ఊళ్ళో హాస్యగాడికి జ్వరమొస్తే, రాజు వేసే ఒక మంచి కళాకారుడు ఆ ఒక్కనాటికి టోపీ పెట్టుకుని గెంతాడు. జనం పడిపడి నవ్వారు. మరునాడు అదే ఊళ్ళో రాజుగా వచ్చి "ఎవరక్కడ" అన్నాడో లేదో, మళ్ళీ నవ్వారు. యుద్ధానికి పోతుంటే నవ్వారు. కొడుకు శవం ముందర కూర్చుంటే ఇంకా నవ్వారు. ఆయన ఆ ఏడాదే నాటకాలు మానేసి మోటార్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. జనం ఒక ముఖం చూసి నవ్వడం అలవాటు చేసుకుంటే, ఆ ముఖం ఇక రాజుకు పనికిరాదు.

ఇక సినిమా సంగతి. ఒకరోజు మా దుకాణానికి ఒక యువకుడు వచ్చాడు. బల్మూర్ దిక్కు పిల్లవాడు, ఫోన్లలో చూసే నవ్వుల వీడియోలు తీసి కొంత పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు పెద్ద సినిమా తీస్తున్నాడట.

"పెద్దమ్మా, రాజు డ్రెస్సు కావాలె. కొత్తది వద్దు, జర వెలిసింది ఉండాలె."

"హీరో ఎవరు బిడ్డా? కొలత కావాలె గద."

"నీకు ఎరికైనోడే. నీ రాజుగారే."

నేను మిషను ఆపేశాను. ఆ పిల్లవాడు చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రాజుగారి నాటకం చూశాడట. తెల్లారి బడిలో కూర్చున్నా ఆ గొంతే వినబడిందట. ప్రేమతోనే వచ్చాడు, అందులో అబద్ధం లేదు.

కథ నాకు చెప్పాడు. వేషాలు దొరకని ఒక నాటకాల కళాకారుడు, నాటకం అయిపోయి రాజు డ్రెస్సు మీదనే మోపెడ్ ఎక్కి ఇంటికి పోతుంటాడు. దారిలో ఒకడు ఒక ముసలాయన్ని కొడుతుంటాడు. ఈయన వేషం మరిచిపోయి, "ఎవరక్కడ, ఆ దుర్మార్గుణ్ణి బంధించండి" అంటాడు. వాడు ఏ దయ్యమో అనుకుని పారిపోతాడు. ఆ సంగతి ఊళ్ళకు పాకుతుంది. దొంగ విత్తనాలు అమ్మినవాడు, కల్లులో మందు కలిపినవాడు, బాట ఆక్రమించినవాడు, అందరి మీదికీ జనం ఈయన్నే తీసుకుపోతారు. బస్టాండులో సభ పెడతాడు. చెక్క కత్తితో శిక్షలు వేస్తాడు. మోపెడ్ మాత్రం ఎప్పుడూ నడుమ ఆగిపోతుంది. చివర్లో ఒక్కడే నిలబడి ఒక పాట పాడతాడు.

నేను నవ్వాను. అప్పుడు ఆ పిల్లవాడు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒక్క మాట పెద్దమ్మా. ఇది నవ్వుల సినిమా అని ఆయనకు చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే నవ్వించనీకె చూస్తడు. గప్పుడు ఎవ్వడూ నవ్వడు. ఆయన నిజంగ రాజు లెక్క మాట్లాడుతుంటెనే నవ్వొస్తది. నువ్వు గూడ ఏం అనకు."

సినిమాలో కనబడాలన్న తమ్ముడి కోరిక నాకు తెలుసు, ఈ పిల్లవాడి ప్రేమా కనబడుతోంది. సరే అన్నాను.

షూటింగ్ మొదలైంది. మొదటిరోజే నేను పని చెడగొట్టాను. వీపనగండ్ల రోడ్డు మీద ఆయన మోపెడ్ ఎక్కాడు. నేను అలవాటుగా నాడాలు బిగించి, పైన పల్చటి గుడ్డ వేసి, మడత సరిచేసి పక్కకు జరిగాను. డైరెక్టర్ పిల్లవాడు ఆపమని, నా చెవి దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, ఆ గుడ్డ తియ్యి."

"వీపు కనిపిస్తది బిడ్డా."

"కనిపించాలెనే."

మోపెడ్ చక్రంలో చిక్కుకుంటుందని ఆయనకు చెప్పి తీశాను. మళ్ళీ అన్నీ సర్దుకుని కెమెరా తిప్పేలోపు, నా చేతులు పోయి మళ్ళీ గుడ్డ కప్పాయి. నాకే తెలియలేదు. మూడోసారి కూడా అంతే. చివరికి ఒక అమ్మాయిని నా పక్కన నిలబెట్టారు. ఆమె ఉద్యోగం నా రెండు చేతులు పట్టుకోవడం. చదువుకున్న అమ్మాయి పాపం, డిగ్రీ చేసిందట. "అమ్మమ్మా, కదలకు, నా నౌకరి పోతది" అనేది.

నాది అట్లా ఉంటే ఆయనది ఇంకో గోస. కెమెరా వెనక్కి పోయిందంటే చాలు, ఆయన తిరిగి దాని ముఖం చూసేవాడు. పడమటికి పోవాల్సిన మోపెడ్ మీద తూర్పుకు తిరిగి కూర్చునేవాడు. "జనం దిక్కు వీపు పెట్టొద్దు సారూ, మా దాంట్ల తప్పు" అని మర్యాదగా చెప్పేవాడు. ఎన్నిసార్లు తీసినా అంతే. ఇక లాభం లేదని డైరెక్టర్ ఒక ఉపాయం చేశాడు. ఎదురుగా పెద్ద కెమెరా పెట్టి, "అన్నా, నువ్వు దీన్నే చూడు" అన్నాడు. వెనక పల్లికాయ బస్తాల నడుమ ఇంకొక చిన్న కెమెరా పెట్టాడు. ఆయన పెద్దదానికి ధర్మం చెప్పేవాడు. చిన్నది బనీను తూట్లు తీసేది.

ఆ సినిమాలో నవ్వంతా ఆ వీపులోనే ఉంది. ముందునుంచి చూస్తే ఏ దేశాన్నో ఏలే ప్రభువు. వెనకనుంచి చూస్తే నాడాలు, పిన్నీసులు, చెమటకు తడిసిన బనీను. నేను ఇన్నేళ్ళు దాచిపెట్టింది అదే. వాళ్ళు దాన్నే చూపించాలనుకున్నారు. వాళ్ళది తప్పని ఇప్పుడు కూడా అనను. అది చూస్తే నవ్వుతో పాటు జాలి కూడా వచ్చేది. కానీ ఆ వీపు ఒక మనిషిది, ఆ మనిషికి ఆ సంగతి తెలియదు.

తెలిసిన రోజు పెద్దమందడి దగ్గర. రోడ్డు పక్కన రేకులతో ఒక విత్తనాల దుకాణం వేశారు. దొంగ విత్తనాలు అమ్మినవాణ్ణి రాజు బయటికి రప్పించి, బోర్లించిన గంపమీద కూర్చోబెట్టి విచారణ చేయాలి. చుట్టూ ఊరిజనాన్నే నిలబెట్టారు. కూలికి పోయే ఆడవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, బస్సు కోసం వచ్చినవాళ్ళు అందరూ ఉన్నారు.

తమ్ముడు ఆరోజు గొప్పగా చేశాడు. "మొలకెత్తని గింజ ఇచ్చి, వాని చేను కాదురా, వాని ఇంటి పొయ్యిని ఆర్పినవ్" అని మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు కదలకుండా విన్నారు. వెనకనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన గొంతు పెంచాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. ఆయన ఆపి అడిగాడు.

"ఎందుకు నవ్వుతుండ్రు సారూ?"

"ఆ దొంగను చూసి నవ్వుతుండ్రన్నా. నువ్వు కానియ్యి."

అన్నాల వేళకు అందరూ చింతచెట్టు కిందికి పోయారు. తీసింది చూసుకునే చిన్న టీవీని ఆపడం మరిచిపోయారు. తమ్ముడు మంచినీళ్ళకని అటు వచ్చి, దాని ముందు నిలబడిపోయాడు. నేను కత్తికి వెండికాగితం అంటిస్తూ చూశాను. లేచి పోయేసరికి ఆలస్యమైంది.

"అక్కా, ఇది ఎవరి వీపు?"

"నీదే తమ్మీ."

ఆయన వంగి దగ్గరగా చూశాడు. మనిషి తన వీపును తాను చూసుకునేది ఎప్పుడు? అద్దంలో కూడా సరిగా పడదు.

"బనీను గంత తూటు పడ్డదేందే?"

"పొద్దుగాల మార్చుకో అంటే, లోపటిది ఎవడు చూస్తడు అన్నవు గద."

"అయితే వీళ్ళు నవ్వింది ఆ దొంగను చూసి గాదు."

నేను చేతిలోని వెండికాగితాన్ని మడతపెట్టాను.

"అందరికీ ఎరికేనా?"

"ఎరికే."

"నీకు?"

"నాకు ముందుగాలనే చెప్పిండ్రు."

ఆయన కిరీటం తీశాడు. కోపంలో కూడా నేల మీద పెట్టలేదు, రెండు చేతులతో నాకు ఇచ్చాడు. "ఇంక నన్ను ఏ ఊర్ల రాజు అంటరక్కా?" అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. అడిగాడు, అంతే. అడిగి రోడ్డెక్కి నడిచాడు.

నేను వెంట పోయాను. బస్సు ఆగే రేకుల షెడ్డు దగ్గర కూర్చున్నాడు. ఒక బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తల బయటపెట్టి, "ప్రభువులు యాడికి?" అన్నాడు. లోపలివాళ్ళు నవ్వారు. తమ్ముడు చేతితో పొమ్మన్నాడు. బస్సు పోయింది.

"నా అంగీ యాడున్నది అక్కా?"

"షూటింగ్ వాన్ల ఉన్నది. వాన్ అన్నం తేనీకె పోయింది."

అంటే పోదామన్నా పోలేడు. ఎండలో మఖమల్ డ్రెస్సు వేసుకుని, నాడాలు కనబడుతూ, షెడ్డులో ఒక రాజు. నవ్వు రావలసిందే. నాకు రాలేదు. నా మెడమీది దుపట్టా తీసి ఆయన వీపు మీద కప్పాను. ఆ వేళ నా చేతులు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

షెడ్డులో ఇంకొకామె కూర్చుని ఉంది. చీర కొంగు నడుముకు చుట్టుకున్న రైతు మనిషి. షూటింగ్ చూసి వచ్చి బస్సు కోసం ఆగింది. చాలాసేపు చూసి చూసి అడిగింది.

"అన్నా, నువ్వు నిజంగ అడుగుతవా గిట్ల?"

"ఏం అడిగేది?"

"ఇత్తనాల సంగతి. పోయినేడు మావి గూడ మొలవలే. అడగనీకె పోతే, వాన సక్కగ పడలే, నీ భూమే మంచిది గాదు అన్నడు."

"నేను వేషగాణ్ణమ్మా. అది సినిమా."

"ఎరికే, నాకు తెల్వదా," అంది ఆమె, కొంచెం చిన్నబుచ్చుకుని. "నువ్వు రాజువి గాదని వెనకకెల్లి చూసిన నాకు తెల్వదా. నవ్వొచ్చింది. గానీ వాణ్ణి గంప మీద కూసోబెట్టి అడిగినవ్ సూడు, గది మంచిగనిపించింది. వాడు దిక్కులు చూస్తుండె."

ఆమె బస్సు వచ్చింది, ఎక్కి పోయింది. తమ్ముడు ఆ బస్సు మూల తిరిగేదాకా చూశాడు.

అప్పటికి డైరెక్టర్ పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. షెడ్డు బయట, ఎండలోనే నిలబడ్డాడు. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదనుకుంటాను.

"అన్నా, నిజం చెప్తే నువ్వు చెయ్యవేమో అనుకున్న."

"అడిగితే గద తెలిసేది."

పిల్లవాడు ఒక అడుగు లోపలికి వేసి, మళ్ళీ ఎండలోకి జరిగాడు.

"నువ్వు నిజం చెప్పుడు కంటె నాకు ఈ గుడ్డలు ఎక్కువ గాదు," అన్నాడు తమ్ముడు. "నవ్వులపాలు చేస్తున్నమని ఒక్క మాట అంటే, నేను ఆలోచన చేసుకుందు గద. నవ్వినోళ్ళు మల్ల నన్ను రాజు లెక్క చూస్తరా? నీకు ఇంకో సినిమా ఉంటది. నాకు ఇదొక్క వేషమే ఉన్నది."

"వద్దంటే వెనకకెల్లి తీసినవన్నీ తీసేస్త."

"తీసేస్తే ఏముంటది?"

"ఏం ఉండదు," అన్నాడు పిల్లవాడు నిజాయితీగా.

తమ్ముడు లేచాడు. "అంత చూపెట్టు. మొదటికెల్లి."

వాన్ వచ్చాక దాని అద్దాలకు తువ్వాళ్ళు కట్టి, లోపల చీకటి చేసి, తీసినదంతా చూపించారు. నేనూ కూర్చున్నాను. తమ్ముడు రెప్ప వేయలేదు. మోపెడ్ ఆగిపోవడం, దాన్ని రాజు తోసుకుంటూ పోవడం, కిరీటం ఆటో తలుపుకు ఇరుక్కోవడం, అన్నీ చూశాడు. ఒకచోట ఆయన "ఎవరక్కడ" అని గర్జిస్తే, పక్కసందు నుంచి ఒక మేక వచ్చి నిలబడుతుంది. అది మేము పెట్టింది కాదు, దానంతట అదే వచ్చింది. అక్కడ ఆయన ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. నవ్వుతున్నాడు.

"మేక మంచిగ చేసిందక్కా," అన్నాడు.

మిగిలింది కూడా చూశాడు. చివరికి, "ఉండనియ్యి. గానీ కడాకరి పాట నాది. దాన్ని ముంగటకెల్లి తియ్యాలె. వెనక ఏం పెట్టొద్దు. నువ్వు నవ్వించనీకె ఏం చెయ్యొద్దు," అన్నాడు. పిల్లవాడు ఒప్పుకున్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ పాట తీసినరోజు బస్తాలన్నీ తానే మోసి పక్కన పడేశాడు.

అమ్మాయిలూ, కథ ఇక్కడితో ఆగితే మీకు బాగుండేది. నాకూ బాగుండేది. కానీ సినిమా విడుదలైంది.

వనపర్తి టాకీసులో మొదటి వారం జనం నిండారు. మన భాష, మన బస్టాండు, మన మేక. నేను, తమ్ముడు, ఆయన భార్య ఒకే వరుసలో కూర్చున్నాం. మొదటి నుంచీ నవ్వులే. ఈలలు వేశారు. విత్తనాల దుకాణం దగ్గర చప్పట్లు కొట్టారు. ఆయన పొంగిపోయాడు, మోచేత్తో నన్ను పొడిచాడు. తర్వాత చివరి పాట వచ్చింది. ముఖం ఒక్కటే తెరనిండా ఉంది, గొంతు కూడా మంచిగా పలికింది. నవ్వించడానికి అందులో ఏమీ లేదు. అయినా నవ్వారు. దుర్మార్గం కాదు అది, వాళ్ళకు ఆ ముఖం చూస్తే నవ్వడం అలవాటైంది. ఆయన భార్య తల దించుకుంది. ఆయన మాత్రం పాట అయ్యేదాకా తెర చూశాడు. బయటికి వచ్చాక, "మంచిగనే ఆడుతుంది" అన్నాడు.

ఆ ఏడు నాటకాలకు ఆయన్ని ఎవరూ పిలవలేదు. హార్మోనియం పంతులు స్వయంగా ఇంటికి పోయి చెప్పాడు. ఇద్దరిదీ పాత స్నేహం. "నువ్వొస్తే రాణి ఏడ్చినా జనం నవ్వుతరు రాజుగారూ. జర ఆగు, మరుస్తరు" అన్నాడు. కొందరు హాస్యగాడి వేషానికి అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. పల్లికాయ మిల్లులో పనికి పోయాడు. నేను ఒకసారి అటు పోతే, దుమ్ము మధ్య తలకు గుడ్డ కట్టుకుని కనబడ్డాడు. "ఆ డైరెక్టర్ ఫోన్ చేస్తుంటడా?" అని అడిగాను. "చేస్తడు. ఇంకో సినిమా దొరుకుతలేదట. మంచి పోరడు" అన్నాడు. ఆయన ఎవరి మీదా పగ పెట్టుకునే మనిషి కాదు. అది చూసే నాకు ఎక్కువ బాధయ్యేది.

మరుసటి ఏడాది, బల్మూర్ అవతలి ఒక ఊరివాళ్ళు జాతరకు నాటకం అడిగారు. "సినిమా రాజే కావాలె" అన్నారు. పంతులు నా దగ్గరికి వచ్చి తల పట్టుకున్నాడు. "నవ్వనీకె పిలుస్తుండ్రు, ఎరికేనా?" అన్నాడు. నాకు తెలుసు. తమ్ముడికీ తెలుసు. అయినా వస్తానన్నాడు.

ఇప్పుడు పోలీసులు మైకు పెందలాడే ఆపాలంటారు గనుక నాటకం పొద్దుండగానే మొదలైంది. నేను నాడాలు బిగిస్తుంటే ఆయన వీపు రాయిలా ఉంది. తెర లేచింది, రాజు వచ్చాడు. జనం ఒక్కసారిగా నవ్వారు. "మోపెడ్ యాడ పెట్టినవ్ రాజుగారూ" అని ఒకడు, "మేక రాలేదా" అని ఇంకొకడు. పంతులు గట్టిగా వాయించి వాళ్ళ గొంతులు ముంచాలని చూశాడు. ఆయన ఆగలేదు, కోప్పడలేదు, పద్యం చెప్పుకుంటూ పోయాడు. ప్రతి పద్యానికీ నవ్వే. నేను తెరపక్క నిలబడి, ఈ మనిషిని ఇక్కడికి ఎందుకు రానిచ్చామా అనుకున్నాను.

మా నాటకంలో ఒక ఘట్టం ఉంది. పొద్దు గూకేదాకా నోరు తెరవనని రాజు ఒకరికి మాట ఇచ్చి ఉంటాడు. సరిగ్గా ఆరోజే రాణి మీద దొంగతనం మోపి సభకు ఈడ్చుకొస్తారు. పాటలు, పద్యాలు అన్నీ రాణివే. రాజు సింహాసనం మీద ఊరికే కూర్చోవాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ ఘట్టం మా తమ్ముడికి విశ్రాంతి. అందరూ రాణినే చూస్తారు గనుక, నేను సింహాసనం వెనక కూర్చుని గోరువెచ్చటి నీళ్ళు అందించేదాన్ని. ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి చాచి గ్లాసు తీసుకుని, ముఖం పక్కకు తిప్పి గొంతు తడుపుకునేవాడు. ఏ ఊళ్ళోనూ ఎవరూ గమనించలేదు.

ఆరోజు రాణి పాడుతోంది, కానీ జనం రాణిని చూడడం లేదు. వాళ్ళు రాజునే చూస్తున్నారు. ఇప్పుడు ఏం చేస్తాడా, ఎక్కడ నవ్వాలా అని నోళ్ళు సగం తెరుచుకుని కాచుకుని ఉన్నారు. ఆయన ఏమీ చేయలేదు. రాణి కాళ్ళ మీద పడింది, ఆయన ఏమీ చేయలేదు. భటుడు ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆయన పెదవి కొద్దిగా కదిలి, మళ్ళీ మూసుకుంది. అది చూసి ఎవరో ఒకరు మొదలుపెడతారనుకున్నాను. ఎవరూ మొదలుపెట్టలేదు. వాళ్ళు ఆ ముఖం మీదినుంచి కళ్ళు తీయలేదు. ఒకడు నవ్వబోయి, దగ్గినట్టు చేశాడు. ఆ తర్వాత ఆ దగ్గు కూడా లేదు. పంతులు వేళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి, తాను వాయించాల్సింది మరిచి ఆయన కూడా రాజునే చూస్తున్నాడు.

ముందు వరుసలో నేల మీద కూర్చున్న ఒక ముసలామె, తనలో తాను అనుకున్నట్టుగా అంది. "మాట్లాడు కొడుకా. పొద్దు గూకింది, ఇంక మాట్లాడు."

నేను సింహాసనం వెనక గ్లాసు పట్టుకుని ఉన్నాను. నీళ్ళు చల్లారిపోయాయి. ఆయన చెయ్యి రాలేదు.